మంద్రం, ముప్పై రెండో సంపుటి

వినతిపత్రంతో పాటు గొంతు కూడా జతపరచాలన్న నిబంధన జిల్లాలో అమల్లోకి వచ్చి ఏడేళ్లు దాటింది. మొదటి నెలలో కొంత గొడవ జరిగింది. గొంతులు ఇచ్చేసినవాళ్లు గొడవ చెయ్యలేరు కాబట్టి రెండో నెలకి అదే సర్దుకుంది.

పద్ధతి సులువు. సోమవారం పొద్దున్న అర్జీదారు వరసలో నిలబడతాడు. మూడో కౌంటర్లో స్టూలు మీద కూర్చుని తన కష్టం మూడుసార్లు గట్టిగా చెప్పుకుంటాడు. మూడోసారికి గొంతు దానంతటదే ఊడి వస్తుంది, పాలపన్ను ఊడినట్టు. పెద్ద నొప్పేం ఉండదు. దాన్ని మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలో వేసి, మూత మీద నంబరు రాసి, గొంతు జమ రసీదు చేతికిస్తారు. నలభై అయిదు రోజుల తర్వాత రసీదు చూపిస్తే గొంతు తిరిగి ఇచ్చేస్తారు. అర్జీలో వాడిన మాటలు మాత్రం తిరిగి రావు. అవి వినియోగమైపోయినట్టు.

అంచేత నీళ్ల కోసం అర్జీ పెట్టుకున్న పదకొండు ఊళ్లలో ఇప్పుడు ఆ మాట ఎవరూ అనలేరు. హోటల్లో కూర్చుంటే బొటనవేలు నోటికి ఆనించి చూపిస్తారు. పింఛను అడిగిన ముసలివాళ్లు "నెలనెలా రావలసినది, రానిది" అంటారు. రోడ్డు అడిగినవాళ్లకి రోడ్డూ లేదు, ఆ మాటా లేదు. పేరు లేని వస్తువు కోసం మనిషి ఎన్నాళ్లని ఏడుస్తాడు? కొన్నాళ్లకి మానేస్తాడు. జిల్లాలో అర్జీలు ఏటేటా తగ్గుముఖం పడుతున్నాయని ప్రగతి నివేదికలో రాశారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

డబ్బాలు మేడమీద నాదవిభాగానికి వెళ్తాయి. అక్కడ పేడాడ జోగారావు ఉంటాడు.

జోగారావు చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పెయ్యాలి, లేకపోతే చదివేవాళ్లు చెడ్డవాణ్ని ఒకణ్ని చూసుకుని నిశ్చింతగా ఉంటారు. ఆయనకి ఉన్నదల్లా సంగీతం పిచ్చి. కుర్రతనంలో విశాఖపట్నం ఫుట్‌పాత్ మీద అమ్మే సీడీల్లో ఒక డబ్ కంపైలేషన్ దొరికింది. అట్ట మీద తాటిచెట్టు బొమ్మ. ఇంటికెళ్లి విన్నాడు. పాటలోంచి పాడేవాడి మాటలు తీసేశారు. పూర్తిగా తియ్యలేదు, మాట తోక ఒక్కటి ఉంచారు. ఆ తోకని నూతిలోకి విడిచినట్టు విడిచిపెట్టారు. అది గోడలకి కొట్టుకుంటూ, చిన్నదైపోతూ, ఎక్కడికో పోయింది. కింద బేస్ మాత్రం గేదె నడిచినట్టు నడుస్తోంది. జోగారావుకి రొమ్ము లోపల ఏదో కుదుటపడింది. తర్వాత డౌన్‌టెంపో దొరికింది, నిమిషానికి ఎనభై దెబ్బలు దాటని సంగీతం. అందులో తగువు లేదు. ఎవడూ ఎవణ్నీ ఏమీ అడగడు.

ఆ డబ్ అనేది ఎక్కడో దీవుల్లో, చెరకు తోటలకి తోలుకొచ్చిన బానిసల మనవలు పుట్టించుకున్న సంగీతం. వాళ్లు దాన్ని కడుపుమంటతో చేసుకున్నారు. మన ఆఫీసు కడుపుమంట ఆర్పడానికి తెచ్చుకుంది. జోగారావుకి ఈ సంగతి తెలుసు. తెలిసినా తల ఊపడం మానలేదు.

ఆయన పని ఏమిటంటే, డబ్బాలోంచి గొంతు బయటికి తీసి, మాటలు ఒలిచి, తోకలు ఉంచి, వేగం తగ్గించి, కింద బేస్ పరిచి, మూడు నెలలకి ఒకటి చొప్పున కంపైలేషన్ తీసుకురావడం. దాని పేరు 'మంద్రం'. అప్పటికి ముప్పై ఒక్క సంపుటాలు వచ్చాయి. ఆస్పత్రి వరండాల్లో, బస్టాండ్లో, క్షౌరశాలల్లో, బ్యాంకుల్లో అవే మోగుతాయి. సంపుటి విడుదలైన రోజున అందులో వాడిన అర్జీలన్నిటి మీదా 'ఆలకించడమైనది' అని ముద్ర వేసి ఫైలు మూసేస్తారు. నిజంగానే ఆలకిస్తారు. జిల్లా అంతా ఆలకిస్తుంది.

ఇందులో కష్టం పాటల్లో లేదు, వరసలో ఉంది. కంపైలేషన్ అంటే గోనెలో ఉల్లిపాయలు పోసినట్టు పొయ్యడం కాదని జోగారావు వాదన. మొదటి పాట తలుపు తియ్యాలి, మూడో పాటకి వినేవాడి భుజాలు దిగాలి, ఏడోదానికి వాడు ఎందుకొచ్చాడో మర్చిపోవాలి. ఒంటరి అర్జీలతో ఈ వరస కుదరదు. ఒకడిది పెన్షను ఏడుపు, ఇంకొకడిది గట్టు తగాదా, శ్రుతి కలవదు. సామూహిక అర్జీ వస్తే ఆ అందమే వేరు. ఒకే దుఃఖం, పది గొంతులు. అందులో ఒకరు వాడిన మాట ఆ అర్జీలో ఉన్న అందరి నోట్లోంచీ పోతుంది. అందుకే ఎవరైనా సామూహిక అర్జీతో వచ్చారని తెలిస్తే ఆయన తనే మెట్లు దిగి వెళ్తాడు.

ఆ సోమవారం గెడ్డకాలనీ నుంచి పద్నాలుగు కుటుంబాలు వచ్చాయి. సముద్రం ఒడ్డునున్న మందుల ఫ్యాక్టరీలో బాయిలరు పేలి వాళ్ల మనుషులు పద్నాలుగురు పోయారు. అంతా కాంట్రాక్టు కూలీలు. ఆ పేర్లతో తమ గేటు లోపలికి ఎవరూ రాలేదని ఫ్యాక్టరీ చెప్పింది. ఆధార్ కార్డులు పనిలో చేరిన రోజే కాంట్రాక్టరు తీసి తన దగ్గర పెట్టుకున్నాడు. అవి తగలబడిపోయాయన్నాడు. ఇక మిగిలింది నోటిమాట. అర్జీ పెడితేనే విచారణ అధికారి వస్తాడు. ఆయన ముందు చనిపోయినవాడి పేరు ఇంటివాళ్లు గాని, వాళ్ల వెంట వచ్చిన సాక్షి గాని నోటితో చెప్పాలి. చెప్పిన పేరే పోయిన మనిషి. రాసి ఇచ్చింది చెల్లదు.

"పదునాలుగు కొంపలోళ్లం ఒక్కపాలే వొచ్చినాం బాబూ," అన్నాడు గవరయ్య. కాలనీకి పెద్దతలకాయ ఆయనే, తమ్ముణ్ని పోగొట్టుకున్నాడు. "ఒక్కలొక్కలం వొస్తే ఎవులింటారు? కలిసొస్తే ఇంటారని నానే అందర్నీ కూడగట్టినాను."

"మంచిపని చేశారు," అన్నాడు జోగారావు మనస్ఫూర్తిగా. "సామూహిక అర్జీకి వేరే వరస ఉంది. ఎండలో నిలబడక్కర్లేదు."

గవరయ్య వెనక్కి తిరిగాడు. "సూసినారా? అడగందే అమ్మైనా ఎట్టదు!"

"అడిగినోలకి ఏటెట్టినారో అది సెప్పు ముందు," అంది వెనకనుంచి కిల్లి దాలమ్మ. "మీ బావమరిది ఊరికి ఏదో కావాలని అడిగొచ్చినాడు కదా. ఇప్పుడు తోవ సెప్పమంటే సెయ్యి ఊపుతాడు, గేదెల్ని తోలినట్టు."

వరసలో కొందరు నవ్వారు. గవరయ్యకి ఒళ్లు మండింది. "అలగైతే నువ్వు ఇంటికాడ కూకోవే! పదుమూడు మందిమి ఎల్తాం. నీ గుంటడు ఒక్కడూ లెక్కలో ఉండడు, సరేనా?"

దాలమ్మ వరసలో ఒక అడుగు ముందుకి జరిగింది. యాభై ఏళ్ల మనిషి, జీడిపిక్కలు ఒలిచి ఒలిచి వేళ్లు నల్లబడిపోయాయి. ఉన్నది ఒక్క కొడుకు. వాడే పోయాడు. స్టూలు ఎక్కే ముందు ఆమె జోగారావు చొక్కా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"బాబూ, ఓ మాట. నా గొంతు తీసుకోండి. ఏడుపు తీసుకోండి. మంట, పొగ, ఆ కంపెనీ, అన్నీ తీసుకోండి, నాకేటి పని ఆటితోటి? ఆడి పేరొక్కటీ ఒగ్గేయండి. ఆ పెద్దాయనొచ్చి ఎవులు సచ్చిపోనారని అడిగితే ఒక్కులైనా ఒక్క పేరైనా సెప్పాల కదా. ఈలంతా పేర్లు ఇచ్చేస్తన్నారు, ఆ సంగతి ఈల బుర్రకి ఎక్కలేదు. ఎక్కించబోతే గవరయ్య అరుస్తన్నాడు."

అది కుదిరే పనే. పాటలో వాడని మాటని 'నిరుపయోగం' అని చీటీ రాసి తిరిగి డబ్బాలో పడెయ్యొచ్చు. ఆ అధికారం నాదవిభాగానికే ఉంది, పై సంతకం కూడా అక్కర్లేదు. గెడ్డకాలనీ వాళ్లందరికీ ఈ సంగతి చెప్పి ఉండొచ్చు. ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు.

"అలాగే అమ్మా," అన్నాడు జోగారావు. "అదెంత పని?"

"ఒట్టా?"

"ఒట్టు."

ఆమె స్టూలు మీద కూర్చుని మంట గురించి, గేటు గురించి రెండుసార్లు చెప్పింది. మూడోసారికి గుమాస్తా పేరు స్పష్టంగా చెప్పమన్నాడు. ఆఫీసులో పేరెలా చెప్తారో దాలమ్మకి తెలీదు. బతుకంతా ఆ పేరుని ఆమె ఒకటే రకంగా అంది, పొయ్యి మీంచి గంజి దించి, ఇంటి ముందు పారే గెడ్డ వైపు తిరిగి. ఇప్పుడూ అలాగే అంది.

"అసిరయ్యా... ఓ అసిరయ్యా..."

హాలంతా తల తిప్పింది. రెండో కౌంటర్లో ముద్ర వేస్తున్న చెయ్యి గాలిలో ఆగింది. పిలుపు పైకప్పుకి తగిలి తిరిగొచ్చేలోపు గొంతు ఊడింది. డబ్బాలో పడ్డాక కూడా మూత కాసేపు అదిరింది.

నాదవిభాగంలో జోగారావు ఆ వారం అన్నం సరిగ్గా తినలేదు. పద్నాలుగు గొంతులూ ఒకదాన్ని మించి ఒకటి. గవరయ్య గొంతులో బొంగురు ఉంది, అది మొదటి పాటకి తలుపు తీసింది. ఇద్దరు అక్కచెల్లెళ్ల ఏడుపు ఒకే శ్రుతిలో ఉంది, మూడో పాట. పేర్లు ఒలుస్తున్నప్పుడు పదమూడు పేర్లూ ఏ రాగమూ లేకుండా, హాజరు పిలిచినట్టు పొడిగా ఊడివచ్చాయి. వాటిని పక్కన డబ్బాలో వేసి పారబోశాడు. వాటి తోకలు పాటల్లో అక్కడక్కడా తాళం కింద వాడుకున్నాడు.

దాలమ్మ పిలుపు అలా ఊడలేదు. 'రయ్యా' దగ్గర అది సాగుతుంది. ఎంత దూరం సాగాలో దానికే తెలుసు. గుమ్మం నుంచి గెడ్డ దాకా, గెడ్డ మీంచి అవతలి జీడితోట దాకా. పనికెళ్లిన మనిషికి వినిపించి, వాడు పలికేదాకా ఆగే జాగా కూడా అందులోనే ఉంది. ఆ జాగాలో జోగారావు బేస్ పెట్టాడు. వేగం డెబ్బై రెండుకి దించాడు. పిలుపు వెళ్లి, చిన్నదై, మాయమవబోతూ మళ్లీ పుట్టింది. ఆయనకి కళ్లంట నీళ్లొచ్చాయి. ఇరవై ఏళ్లుగా, ఆ తాటిచెట్టు బొమ్మ సీడీ దగ్గర్నుంచీ వెతుకుతున్నది ఇదే.

ఒట్టు గుర్తుంది. అందుకని పిలుపు తీసేసి చూశాడు. మిగిలింది చప్పిడి పథ్యం. ఇంకో ఆడమనిషి ఏడుపు అక్కడ అతికి చూశాడు. అతుకు అతుకులాగే ఉంది. 'నిరుపయోగం' అన్న చీటీ రాసి, సంతకం కూడా పెట్టి, దాన్ని బల్ల మీద ఉంచుకుని సూపరింటెండెంట్ హైమవతి గారికి ఏడో పాట వినిపించాడు.

ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. అయిపోయాక కూడా తెరవలేదు.

"ఇందులో ఒక మాట తిరిగి ఇచ్చెయ్యాలండి," అన్నాడు జోగారావు.

"ఏ మాటండీ?"

"ఆ పిలుపు."

"అదే కదండీ పాట!" ఆవిడ కళ్లు తెరిచారు. "అది తీసేస్తే ఇంకేముంది? కూర తీసేసి కరివేపాకు వడ్డించినట్టు."

"మాటిచ్చానండి ఆవిడకి."

"మీ ఇష్టం. సంపుటి మీది, సంతకం మీది. నేను మాత్రం మధ్యలో రాను."

ఆవిడ నిజంగానే రాలేదు. జోగారావుని ఎవరూ బెదిరించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు, పైనుంచి ఫోనేదీ రాలేదు. ఆయన చీటీ చింపి, పిలుపుని ఏడో పాటలో ఉంచాడు. పాట బాగుందని ఉంచాడు. అంతే కారణం.

ముప్పై రెండో సంపుటి విడుదలైన వారానికే జిల్లా దాటి పోయింది. ఆటోల్లో అదే, పెళ్లి విందుల్లో అదే. పసిపిల్లలు ఏడో పాటకి నిద్రపోతున్నారని తల్లులు చెప్పుకున్నారు. మందుల ఫ్యాక్టరీ కూడా తెప్పించుకుని, కొత్తగా చేరిన కూలీలకి షిఫ్టు పొడుగునా వినిపించింది. ప్రమాదాల సంగతి ఇంకా చెప్పలేం గాని కేకలు మాత్రం గణనీయంగా తగ్గాయని మెచ్చుకుంటూ ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం నాదవిభాగం గోడకి అతికించారు.

నలభై అయిదో రోజున గెడ్డకాలనీ వాళ్లు రసీదులు చూపించి గొంతులు తీసుకున్నారు. మర్నాడే విచారణ. నాదవిభాగం పక్క గదిలోనే బల్ల వేశారు. జోగారావు తలుపు ఓరగా తీసి ఉంచుకుని, ముప్పై మూడో సంపుటికి అట్టబొమ్మ చూసుకుంటున్నాడు. మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఎవరు చనిపోయారు?" అని అడిగాడు విచారణ అధికారి. మెత్తటి మనిషి. కుర్చీ వేయించి, టీ ఇప్పించాకే అడిగాడు.

"మా తమ్ముడు బాబూ," అన్నాడు గవరయ్య.

"పేరు?"

కుర్చీ కిర్రుమంది. "పేరు... మా తమ్ముడే. నా ఎనకాలోడు. ఎడం కన్ను కాడ మచ్చ ఉంటాది."

"మచ్చ కాదు, పేరు చెప్పండి."

"సెప్తన్నాను కదా బాబూ... ఆడే."

పద్నాలుగు మందిలో పదమూడు మంది ఇలాగే చెప్పారు. ఫొటోలు తెచ్చినవాళ్లున్నారు. ఫొటోలో మనిషి ఉన్నాడని అధికారి ఒప్పుకున్నాడు. పేరు లేని మనిషిని ఏ గడిలో రాయాలో మాత్రం నమూనాలో లేదు. వెనకటి అర్జీ తీయించి చూశాడు. వినియోగమైన మాటలు కాగితం మీద కూడా ఉండవు, ఆ చోట్లన్నీ తెల్లగా ఉన్నాయి.

"నాయనా గవరయ్యా," అంది ఒక ముసలామె బయట వరండాలో, "కలిసెల్తే ఇంటారన్నావు."

"ఇన్నారు కదే అప్పా," అన్నాడు గవరయ్య.

చివరికి దాలమ్మ వెళ్లింది. ఆమె నడకలో ఇంకా ధీమా ఉంది. ఆమెకి ఒట్టు ఉంది. జోగారావు అట్టబొమ్మ మీంచి కళ్లెత్తలేదు.

"ఎవరు చనిపోయారమ్మా?"

"నా కొడుకు."

"పేరు?"

దాలమ్మ గట్టిగా ఊపిరి పీల్చుకుంది. ఆ ఊపిరి గోడ ఇవతలికి వినిపించింది. ఆపైన ఏమీ వినిపించలేదు. నిబంధన ప్రకారం అధికారి పూర్తిగా ఒక నిమిషం ఆగాడు. వాచీ చూసుకుని ఇంకో అర నిమిషం కూడా ఆగాడు, దయగల మనిషి కాబట్టి. తర్వాత కలం కదిలిన చప్పుడు. మృతుల పేర్లు ఎవరూ తెలుపలేదు కావున మృతులు లేరని నిర్ధారించడమైనది. సాయంత్రం అయిదింటి దాకా అధికారి అక్కడే ఉంటాడని, ఎవరికైనా ఏదైనా గుర్తొస్తే వచ్చి చెప్పొచ్చని బంట్రోతు కేకేశాడు.

నాలుగూ ఇరవైకి దాలమ్మ నాదవిభాగం గుమ్మంలోకి వచ్చింది. తిట్టలేదు. జోగారావు లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో ఆయనకే తెలీదు.

"నీకు తెల్సు కదా బాబూ," అంది. "ఆడి పేరు నీకు తెల్సు."

"కూర్చో అమ్మా."

"కూకోను. ఆ పక్క గదిలోకి వొచ్చి నువ్వొక్కపాలి అను. నానాడి తల్లినని సెప్తాను, నువ్వు పేరను. ఇద్దరం కలిస్తే ఒక మనిసి అవుతాడు కదా."

జోగారావు గోడ గడియారం చూశాడు. అధికారి ఇంకో నలభై నిమిషాలు ఉంటాడు. పేరు నాలుక చివరే ఉంది. ఆ పేరు ఈ జిల్లాలో ఆయనకంటే బాగా ఎవరికీ తెలీదు, ప్రతి అక్షరం మధ్య ఎంత ఖాళీ ఉందో కూడా తెలుసు. పక్క గదికి తొమ్మిది అడుగులు. వెళ్లి అంటే రికార్డుకెక్కుతుంది. ఆ మాట మీకెలా తెలుసని అడుగుతారు. పాటలోంచి ఎందుకు తియ్యలేదని అడుగుతారు. సంపుటి వెనక్కి రప్పిస్తారేమో. ఏడో పాట లేని ముప్పై రెండో సంపుటి.

"అమ్మా," అన్నాడు, "ముందు నువ్వొకటి విను."

హెడ్‌ఫోన్స్ తీసి ఆమె తలకి పెట్టాడు. జడ అడ్డమొస్తే నెమ్మదిగా సర్దాడు. ఏడో పాట నొక్కాడు.

దాలమ్మ మొదట ఉలిక్కిపడి గుమ్మం వైపు చూసింది, ఎవరో బయట పిలిచినట్టు. తర్వాత గోడకి ఆనుకుంది. తర్వాత నేల మీద చతికిలబడింది. పాట అయిదు నిమిషాలు. అయిపోగానే చెయ్యెత్తి మళ్లీ పెట్టమంది. పెట్టాడు. మూడోసారికి ఆమె మెడ, తనకి తెలీకుండానే, బేస్‌తో పాటు ఊగడం మొదలుపెట్టింది. పెదవులు కదిలాయి గాని చప్పుడు రాలేదు. ఎనిమిదోసారి నడుస్తుండగా పక్క గదిలో బల్ల మడిచిన చప్పుడైంది, మెట్ల మీద బూట్లు దిగిపోయాయి. జోగారావు విన్నాడు. దాలమ్మ వినలేదు.

ఆమె హెడ్‌ఫోన్స్ తీసి చెంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది.

"బాగా పిలిచినాను బాబూ," అంది. "ఆడు పలకలేదు గానీ, నాను బాగా పిలిచినాను."

జోగారావు అర్జీ ఫారం ముందుకి లాక్కున్నాడు. ఏడేళ్లలో పాట గురించి అంత సరైన మాట ఎవరూ అనలేదు. అర్జీదారు సంతృప్తి అన్న గడి దగ్గర ఆమె చేత వేలిముద్ర వేయించుకుని, మెట్ల దాకా సాగనంపి, కిందికి తొంగిచూశాడు. మూడో కౌంటరు ముందు వచ్చే సోమవారం కోసం ఇప్పట్నుంచే చాపలు పరుచుకున్నారు జనం. ఏదో ఊరు ఊరంతా కలిసి వచ్చినట్టుంది. ముందున్న మనిషి గొంతు సవరించుకుంటున్నాడు.